పట్టీలు బిగించిన చేతులు

ఇటు జరగండి బిడ్డలారా, ఇంకొంచెం దగ్గరికి. ఆ టీవీ గొంతు జర తగ్గించండి, ఫోన్లు బోర్లా పెట్టండి. ఇది అరిచి చెప్పే ముచ్చట కాదు. జనగామ మార్తమ్మ ఒకరోజు పొద్దున బస్సెక్కి మానుకోటకు పోయిన ముచ్చట. బోర్డు మీద మహబూబాబాద్ అనే రాసుంటుంది గానీ మా నోటికి మానుకోటే. తొర్రూరు దాటిన బస్సు మానుకోట చేరడానికి ఎంతసేపు, ఒక గంట. ఆ గంటలో ఆ తల్లి సీటు దిగలేదు, కాలు కదపలేదు. మనసు మాత్రం తిరగని చోటు లేదు. ఆ మనసు వెంబడే మనమూ పోదాం రండి.

కిటికీ అద్దం దడదడలాడుతోంది. తొర్రూరు బస్టాండులో బస్సు మారి ఎక్కినప్పటి నుంచీ అదే మోత. ఏ మూలనో ఒక నట్టు వదులైంది. మార్తమ్మ అరచెయ్యి అద్దానికి ఆనించి పట్టుకుంది, మోత ఆగింది. చెయ్యి తీసింది, మళ్లీ మొదలు. “మిషన్ తనంతట తాను చెడదు మార్తా, మనిషే చెడగొడ్తడు.” ఇది మొగుడు జయపాల్ మాట. భూపాలపల్లి పక్కన చెల్పూరు కరెంటు ప్లాంటులో ఏళ్లకేళ్లు బొగ్గు బెల్టుల దగ్గర పనిచేస్తున్న మనిషి, ఆయనకు నట్టు సంగతి తెలుసు. ఏ బెల్టు తెగినా, ఏ మోటరు కాలినా, ఎవడో ఒకడు తిప్పాల్సిన తిప్పు తిప్పలేదు, వెయ్యాల్సిన గ్రీజు వెయ్యలేదు అంటాడు. ఇంట్లో ఫ్యాను కిర్రుమన్నా అదే మాట, కుక్కరు ఈల వెయ్యకపోయినా అదే మాట. “మరి నీ మోకాళ్లు ఎందుకు నొస్తున్నయ్, నేను గ్రీజు పెట్టలేదా?” అని ఎగతాళి చేసేది తను, పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఇప్పుడు ఆ మాటకు ఎవరూ నవ్వరు. కొడుకు రంజిత్ నడుపుతున్న విమానం నేలకూలింది క్రిస్మస్ ముందు. పండుగకని ఇంటి మీద కట్టిన కాగితపు నక్షత్రాన్ని ఎవరూ దించలేదు, అది ఎండకు వెలిసి, గాలికి చిరిగి, వెదురు పుల్లలు బయటపడి అట్లాగే ఉంది. దించితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని ముగ్గురికీ భయం. ఈ పొద్దు గుమ్మం దాటుతూ మార్తమ్మ దాని దిక్కు చూడకుండా చెప్పులేసుకుంది.

“అమ్మా, టికెట్ తీస్కో, పారెయ్యకు. పుక్యానికే గదా అని పారేస్తే చెకింగోల్లు నా పానం మీదికొస్తరు.” ఆడవాళ్లకు పైసలు లేకుండా కండక్టరు చేతిలో పెట్టే జీరో టికెట్‌ను మడిచి మడిచి ముల్లెలో దోపింది. పక్కన కూతురు గ్రేస్ తల్లి ఆధారు కార్డు తీసుకొని తన బ్యాగులో వేసుకుంది. జనగామలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తుందా పిల్ల. ఈరోజు సెలవు పెట్టి వచ్చింది. అన్న పోయినప్పటి నుంచి తల్లిని చిన్నపిల్లను చూసినట్టు చూస్తోంది. నీళ్లు తాగుతవా, తల తిరుగుతుందా, కిటికీ మూసేద్దునా. మార్తమ్మ వద్దంటుంది. కిటికీ మూస్తే దుమ్ము రాదు గానీ ఆకాశం కనపడదు. దుమ్ము ఎంతైనా నయం, చెల్పూరు బూడిద ముందు దుమ్మొక లెక్కా. అక్కడ గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి మబ్బురంగు. పిల్లలు చిన్నప్పుడు అక్కడే కాపురం. వాళ్ల చదువుకని జనగామ వచ్చి దవాఖానలో ఆయాగా చేరింది తర్వాత, జయపాల్ సెలవు దొరికినప్పుడు వచ్చిపోతాడు. చెల్పూరులో రేకుల ఇంటి ముందు నీళ్ల డ్రమ్ము ఉండేది, దాని మూత మీద పడ్డ బూడిదలో రంజిత్ వేలితో బొమ్మలు గీసేవాడు. అందరు పిల్లలూ పువ్వో పిట్టో గీస్తారు, వీడు పొగగొట్టం గీసి దాని పైన రెక్కలు చాచిన గాలిమోటరు గీసేవాడు. “గాలిమోటరు పొయ్యి పొగగొట్టానికి తాకదా అమ్మా?” “నడిపేటోనికి కండ్లుంటయి గదరా పిచ్చోడా.” ఎందుకన్నదో ఆ మాట. అంట్లు తోముకుంటూ తల ఎత్తకుండా అన్న మాట, ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో, ఈ బస్సులోకొచ్చి చెంప మీద కొట్టింది.

గీస్తూ కూర్చుంటే వాడికి పిలుపు వినపడదు. అన్నం చల్లారనీ, పక్కింట్లో కొట్టుకోనీ, వినపడదు. ఒకసారి వాన మొదలైంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నా వాడు గీస్తూనే ఉన్నాడు. బూడిద కరిగి వేలి కింద నల్లనీళ్లయ్యాక, బొమ్మ లేకుండా పోయాక, అప్పుడు తల ఎత్తి “వానొస్తుందమ్మా” అన్నాడు. భుజం పట్టి ఊపితే తప్ప ఈ లోకంలోకి రాడు. గురుకులంలో వేస్తే అక్కడి సారు కూడా అదే చెప్పాడు, “మీవోడు పుస్తకంల పడితే గంట కొట్టినా లేవడు.” గొప్పగా చెప్పాడు, గొప్పగానే విన్నది. ఆ గుణంతోనే కదా పరీక్షల మీద పరీక్షలు దాటి, వైమానిక దళంలో అఫ్సరై, చిన్న విమానం నేర్చుకొని, పెద్దది నేర్చుకొని, ఆఖరికి ఆకాశం నుంచి నేల మీద గురిచూసి కొట్టడం నేర్పే ఆ దూరపు బేసుకు పోయింది. ఫోనులో చెప్పేవాడు. “గద్ద కోడిపిల్ల మీదికి ఎట్ల దిగుతదో గట్లనే అమ్మా. నేల మీద సున్నంతోని గుండ్రం గీసుంటది. ముక్కు వంచుకొని సీదా దాని మీదికే దిగాలె. గురి కుదరంగనే వదలాలె, ముక్కు లేపాలె. ఇప్పుడు మావి ఉత్త పొగ బాంబులే, భయపడకు.” “గురి కుదరకుంటే?” “కుదరకున్నా లేపాలె. గదే నేర్పుడు. గురి మీద మనసు పడ్డదంటే నేల దగ్గరికొచ్చిన సంగతే యాదికి రాదంట. మా సార్ ఎనుక సీట్లకెల్లి మొత్తుకుంటనే ఉంటడు, లేపు, లేపు అని.” “సారు ఎనుక ఉంటడు గదా, నయమే.” “ఎన్నొద్దులుంటడమ్మా? మంచిగ చేస్తున్ననని ఇగ ఒక్కన్నే పంపుతున్నరు.” ఆ రాత్రి సంతోషంగా పక్కింటికి చక్కెర పంచిపెట్టింది తను. నా కొడుకు ఒక్కడే నడుపుతడంట. ఒక్కడే. వెనక భుజం పట్టి ఊపడానికి ఒక చెయ్యి లేకుండా.

ఈ ఆలోచన ఇట్లా వచ్చినప్పుడల్లా మార్తమ్మ దాన్ని తోసేస్తుంది. ఎందుకంటే అది నిజమైతే తప్పు వాడిదవుతుంది, వాడి గుణానిదవుతుంది, ఆ గుణం చూసి మురిసిన తనదవుతుంది. విచారణ నడుస్తోందమ్మా, ఇంకా ఏమీ తేలలేదు అన్నాడు ఫోను చేసిన పెద్ద అఫ్సరు, తెలుగు రాక ఎవరితోనో చెప్పించి. జయపాల్‌కు విచారణతో పనిలేదు. మిషనే చెడ్డది, చూసేటోళ్లు సరిగ చూడలేదు, అంతే. కొడుకును అనలేక ఆ మనిషి లోకంలోని నట్లన్నింటినీ తిడుతున్నాడని తనకు తెలుసు. కానీ మిషన్ చెడిందంటే ఆ మిషన్‌ను చూసుకున్న చేతులు చెడ్డవి కావాలి, ఆ చేతులు ఎవరివో కూడా తనకు తెలుసు.

గణపతి. బయ్యారం దిక్కు తండా పిల్లగాడు, లంబాడోళ్లు. అంత పెద్ద బేసులో తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని రంజిత్ ఎంత సంబరపడ్డాడో. “అమ్మా, ఈడ మన మానుకోట అన్న ఒగాయిన ఉన్నడు. విమానాలు బాగుచేసేటాయిన. పదిమందిల సార్ అంటడు, సెల్యూట్ కొడ్తడు. నేను సీట్ల కూసుంటే పట్టీలు కట్టనీకి వంగుతడు సూడు, గప్పుడు చెవిల తమ్మీ అంటడు.” ఎన్ని సంగతులు చెప్పేవాడు ఆ అన్న గురించి. పొద్దున్నే వాళ్లంతా రన్‌వే మీద వరుసగా నిలబడి, నడుం వంచి చిన్న చిన్న రాళ్లు ఏరుతారట, ఒక రాయి ఇంజనులోకి పోయినా చాలునట చెడడానికి. “నువ్వు చిన్నప్పుడు పత్తిచేన్ల కలుపు తీసినట్టే అమ్మా.” నట్లు తిప్పే పానాల పెట్టెలో ప్రతి పానాకూ దాని ఆకారంలోనే కోసిన గుంట ఉంటుందట, సాయంత్రం ఒక్క గుంట ఖాళీగా కనపడితే అది దొరికేదాకా ఒక్క విమానం లేవదట. ఆ మాట మార్తమ్మకు బాగా నచ్చింది. కాన్పుల గదిలో తామూ అంతే కదా, కుట్లు వేసేముందు దూది ముద్దలు సరిచూసుకొని గానీ డాక్టరమ్మ దారం ముట్టదు. అట్లా చూసుకునే మనుషుల చేతుల్లో ఉన్నాడు బిడ్డ, ఫరవాలేదు అనుకుంది. “గీ అన్న పట్టీలు గుంజితే ఊపిరాడదమ్మా. జర లూజు చెయ్యన్నా, పెండ్లికొడుకు నడుము లెక్క కట్టినవ్ అంటే, లూజు చేస్తే నువ్వు ఈడ ఉంటవ్ నీ బొక్కలు ఆడ ఉంటయ్ తమ్మీ అంటడు.” ఫోనులో నవ్వు. ఆ నవ్వు ఎట్లా ఉండేది, ముందు ఒక బుస వచ్చి తర్వాత నవ్వు వచ్చేదా, లేక నవ్వు తర్వాత బుసా. నిన్నటిదాకా గుర్తుంది. ఈ మోత ఆగితే గుర్తొస్తుందేమో. మార్తమ్మ మళ్లీ అరచేత్తో అద్దాన్ని పట్టుకుంది.

ఉన్నట్టుండి బస్సంతా దగ్గు. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు. గాలి కిటికీల్లోంచి ఘాటు మోసుకొచ్చింది. ముందు సీటు ముసలాయన తువ్వాల మూతికి అడ్డం పెట్టుకొని, “మానుకోట ఎంతున్నదని అడుగుడెందుకు, ముక్కే చెప్తది” అన్నాడు. అందరూ దగ్గుతూ నవ్వారు. అందరి కళ్లలోనూ నీళ్లు. మార్తమ్మ కళ్లలోనూ నీళ్లు, మొదటిసారి ఎవరూ తన దిక్కు జాలిగా చూడలేదు. ఎంత హాయిగా ఉంది. అందరితో కలిసి కారే నీళ్లు. సమాధి దగ్గర కూడా ఇట్లా కారనిచ్చి ఉంటే బాగుండేది. పాస్టరమ్మ భుజం పట్టుకొని మెల్లగా చెవిలో చెప్పింది, విశ్వాసం గల తల్లివి, గొంతెత్తి ఏడవొద్దమ్మా, వాడు ప్రభువు దగ్గర ఉన్నాడు. మంచి మనసుతోనే చెప్పింది. మార్తమ్మ ఏడుపు మింగింది, అప్పుడు మింగిన ఏడుపు ఇప్పటికీ ఎడమ రొమ్ము కింద రాయిలాగ ఉంది. ఏడవడానికైనా ముఖం కనపడాలి కదా. పెట్టె మీద జెండా, జెండా మీద టోపీ, పూలు, బూట్ల చప్పుడు, తుపాకులు గాల్లోకి పేల్చడం, కాకులన్నీ లేచిపోవడం. పెట్టె మాత్రం తెరవలేదు. “జర ముఖం చూపెట్టుండ్రి సారు, ముద్దు పెట్టుకొని పంపిస్త.” అఫ్సరు తల వంచుకున్నాడు. ఇరవై ఆరేళ్ల కొడుకును సాగనంపుతూ నుదుటి మీద ఆఖరి ముద్దు పెట్టని తల్లి ఉంటుందా మన దగ్గర. స్నానం చేయించలేదు, తల దువ్వలేదు, చల్లబడ్డ చెయ్యినైనా పట్టుకోలేదు. జయపాల్ “వద్దు మార్తా” అన్నాడు, ఆయనకు అర్థమైంది, తనకూ అర్థమైంది. వెనక ఎవరో తెలిసిన మనిషే, చుట్టమే, మెల్లగా అన్నాడు పక్కవాడితో, “బరువు కోసం ఇసుక పెడ్తరంట.” మెల్లగా అన్న మాటే, తుపాకుల చప్పుడు మరిచిపోయింది గానీ ఆ మాట మరిచిపోలేదు. మోస్తున్న పెట్టె కింద చెయ్యి పెట్టి చూసింది. తొమ్మిది నెలలు మోసిన బరువు, నడుము మీద ఎత్తుకొని తిరిగిన బరువు చేతికి తెలియదా అనుకుంది. చెక్క తెలిసింది, అంతే. ఏం పూడ్చిపెట్టాను నేను. ఆదివారం ఆదివారం కొవ్వొత్తి ఎవరికి వెలిగిస్తున్నాను.

ఆ పెట్టె మోసిన వాళ్లలో ఒకడు మట్టి వేశాక కూడా పోలేదు. నల్లటి సన్నటి పిల్లగాడు, యూనిఫాం. దగ్గరికొచ్చి, “అమ్మా, నేను మానుకోట గణపతిని” అన్నాడు, గ్రేస్ చేతిలో నంబరు పెట్టి పోయాడు. సెలవు మీద ఇంటికొచ్చానని మొన్న ఆయనే ఫోను చేశాడు. జయపాల్ అందుకున్నాడు ఖర్మకొద్దీ. “ఏం మొఖం పెట్టుకొని వస్తవ్? మిషన్ సూసుకునే కొలువు నీది. సూసుకున్నవా? నా గడప తొక్కితే మంచిగుండది.” అవతల ఆ పిల్లగాడు ఫోను పెట్టెయ్యలేదు, తిట్లన్నీ విన్నాడు. ఆ రాత్రే మార్తమ్మ నిశ్చయించుకుంది, వాడు రాలేకపోతే తనే పోతుంది. పొద్దున చెప్తే మొగుడు ప్లాంటుకు బయలుదేరుతూ, టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటూ, “పోతే పో. వాని చెయ్యి నేను తాకను” అన్నాడు. ఆ మాటతోనే తనకు తెలిసింది తను ఎందుకు పోతోందో. చెయ్యి. కొడుకును బతికుండగా ఆఖరున తాకిన చేతులవి. ఆ తర్వాత ఇంకెవరూ తాకలేదు, ఉత్త ఆకాశం. అవి మంచి చేతులా కావా, అదొక్కటి తెలిస్తే చాలు. మంచివైతే బిడ్డను ఒకరి చేతుల్లోంచి పంపినట్టు. కాకపోతే. కాకపోతే ఏం చేస్తుంది, కొడుతుందా, శపిస్తుందా, తనకు తెలియదు. మంచివైతే మాత్రం తప్పు ఎవరిదవుతుంది అన్న ప్రశ్న అట్లాగే నోరు తెరుచుకొని ఉంటుంది కదా. ఉండనీ. “అమ్మా, మానుకోటొచ్చింది, దిగుదాం.” గ్రేస్ చెయ్యి పట్టుకుంది. కాళ్లు తిమ్మిరెక్కాయి.

గ్రేస్ ముందే గణపతికి ఫోను చేసి, వస్తున్నామని చెప్పి దారి అడిగి పెట్టుకుంది. బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నారు, బయ్యారం రోడ్డు మీద కొంతదూరం పోయి మట్టిబాటలోకి తిరిగారు. ఎర్రమట్టి, మామిడిపూత, రెండు వరుసల ఇళ్లు. వాకిట్లో మిరపకాయల తొడిమెలు తీస్తున్న పెద్దమనిషి ఒకామె తలెత్తింది. చేతులకు మోచేతుల దాకా తెల్లగాజులు, ముఖాన ముడతలు. గణపతి తల్లి లచ్చి. ఎవరో ఏమిటో అడగలేదు, కూర్చోమనలేదు, నీళ్లివ్వలేదు. లేచి వచ్చి మార్తమ్మ మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, తల తన భుజానికి ఆనించుకొని రాగం ఎత్తుకుంది. లంబాడీ ఆడవాళ్ల పద్ధతి అది. దుఃఖం ఉన్న మనిషి గుమ్మంలోకొస్తే ముందు మెడ పట్టుకొని ఏడుస్తారు, మాటలు తర్వాత. ఆ భాషలో ఒక్క ముక్క తెలియదు మార్తమ్మకు. “యాడీ, యాడీ” అన్నది మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది, అమ్మా అనేనేమో. రంజిత్ పేరు వచ్చింది ఆ పాటలో. ఎన్నడూ చూడని మనిషి తన కొడుకు పేరు పాటలో పెట్టి ఏడుస్తోంది. చేతికంటిన మిరప ఘాటు ముక్కుకు తగిలింది. మార్తమ్మ ఎడమ రొమ్ము కింది రాయి కదిలింది, ముందు గొంతులోంచి ఒక వింత చప్పుడు, లేగదూడ చప్పుడు, తర్వాత ఏడుపు. పాస్టరమ్మ మాట ఎక్కడికి పోయిందో. ఇద్దరూ ఊగుతూ ఏడ్చారు, వాకిట్లో, ఎండలో, చాలాసేపు. గ్రేస్ తల్లిని విడదీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకొని, గోడకు తిరిగి తనూ ఏడ్చింది.

గణపతి ఇంట్లోంచి వచ్చి దూరంగా నిలబడ్డాడు. లుంగీ, బనీను. ఏడుపు నెమ్మదించాక లచ్చి ముక్కు చీది, “గిదో, నా కొడుకు. తింటలేడు, నిదుర పోతలేడు. వచ్చిన కాన్నుంచి బోరు మోటరు ఇప్పుతడు, బిగిస్తడు. మంచిగున్నదాన్నే ఇప్పుతడు” అంది. మార్తమ్మ వాడి చేతుల దిక్కు చూసింది. గోళ్లలో నలుపు, బొటనవేలి మీద పాత కోత. అంతే, మామూలు చేతులు.

“నీ పని నువ్వు సరిగ చేసినవా బిడ్డా?”

“చేసిన్నమ్మా.” వాడు తన చేతుల దిక్కు చూసుకున్నాడు. “చేసిన్ననే అనుకుంటున్న. రోజూ మొదటికెల్లి మొత్తం మళ్ల చేస్త మనసుల. యాడ తప్పు దొరకది. దొరికితే మంచిగుండు అనిపిస్తది ఒగొగసారి. పైన ఏమైందో నాకు తెల్వదమ్మా, ఎవలకూ తెల్వదింకా.”

మార్తమ్మ అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీని వాకిలి మధ్యకు లాగి కూర్చుంది. “వాన్ని ఎట్ల కూసోబెట్టినవో నన్ను గట్ల కూసోబెట్టు. ఏమేం చేసినవో అన్నీ చెయ్యి.”

“అమ్మా, పట్టీలు లెవ్వు గదా.”

“చేతులున్నయ్ గద.”

గణపతి తల్లి దిక్కు చూశాడు, గ్రేస్ దిక్కు చూశాడు. ఎవరూ కాదనలేదు. వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు కాళ్లు, పిక్కల చుట్టూ పట్టీ, ఇది ఎగిరి దూకాల్సొస్తే కాళ్లు చెదరకుండా అన్నాడు. చేతులు గాల్లోనే తిరుగుతున్నాయి, తాకడం లేదు. తర్వాత నడుము, అటొకటి ఇటొకటి, పొట్ట మీద గుండ్రటి బిళ్లలోకి. తర్వాత లేచి వెనక నుంచి భుజాల మీదుగా రెండు. ఇక్కడ మార్తమ్మ వాడి రెండు చేతులూ పట్టుకొని తన భుజాల మీద పెట్టుకుంది. “గుంజు. వాన్ని గుంజినట్టు గుంజు.” వాడు గుంజాడు. భుజాలు కుర్చీకి అతుక్కున్నాయి, ఊపిరి ఆగింది. ఓహో, ఇట్లా ఉండేదా. ఇంత గట్టిగా పట్టుకొనే పంపాడా నా బిడ్డను. నేను పురిటిలో ఇంత గట్టిగా పట్టుకోలేదేమో. వేడిగా ఉన్నాయి చేతులు.

“అప్పుడు ఏమన్నడు?”

“ఏమనలే. రోజు లూజు చెయ్యన్నా అంటుండె. గా రోజు అనలే.”

“నవ్విండా?”

లచ్చి కొడుకు దిక్కు కళ్లతో సైగ చేసింది, అను, నవ్వాడని అను, పోయేదేముంది. మార్తమ్మ ఆ సైగ చూసింది. గణపతి కూడా చూశాడు. తల్లి దిక్కు నుంచి ముఖం తిప్పుకొని చెప్పాడు.

“మూతికి ఆక్సిజన్ మాస్కు ఉంటదమ్మా. నోరు కనబడది. నాకు కండ్లే కనబడ్డయ్. అవి కూడ నా దిక్కు లెవ్వు. ముంగట మీటర్ల దిక్కు ఉన్నయ్. తమ్మి పనిల పడ్డడు. నేను పిలిస్తే గూడ వినలే.”

మార్తమ్మ కళ్లు మూసుకుంది. పనిలో పడ్డాడు. పిలిస్తే వినలేదు. వాడే. పెట్టెలో ఏముందో తెలియదు గానీ ఆ సీటులో కూర్చున్నది మాత్రం తన కొడుకే, నూటికి నూరుపాళ్లు వాడే. ఇంత నిజం చెప్పగలిగిన చేతులు నట్టు వదులుగా వదలవు. భుజాల మీది ఆ చేతుల మీద తన చేతులు పెట్టి, తల అటూ ఇటూ తిప్పి, ఒక్కోదాన్ని ముద్దు పెట్టుకుంది. నుదుటికి పెట్టలేని ముద్దు.

“ఆ తర్వాత ఏం చేస్తవ్?”

“దిగి, నిచ్చెన తీస్తనమ్మా.”

“తియ్యి మరి.”

వాడి చేతులు రావడం లేదు. “తియ్యి బిడ్డా” అంది మళ్లీ, మెల్లగా. భుజాల మీంచి బరువు పోయింది. గణపతి వెనక్కి వెనక్కి నడిచి, వాకిలి చివర ఆగి, లుంగీ బనీను మీదనే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టి అట్లాగే ఉండిపోయాడు. కుర్చీలో మార్తమ్మ ఒక్కతే. చుట్టూ ఎండ. దగ్గర ఎవరూ లేరు, ఏ చెయ్యీ లేదు. కొడుకు కూర్చున్నట్టే ముందుకు చూస్తూ కూర్చుంది, లేవలేదు.

ఇదే బిడ్డలారా ముచ్చట. జయపాల్ ఆ తర్వాత గణపతి చెయ్యి పట్టుకున్నాడా, విచారణ ఏం తేల్చింది అని నన్ను అడగకండి, అవి ఇంకా జరగలేదు. విన్నది మాత్రం మనసులో పెట్టుకోండి. ఎవరి నెత్తి మీంచైనా గాలిమోటరు పోతే, మీ పక్కనున్న వాళ్లకు రంజిత్ పేరు చెప్పండి, వాణ్ని కట్టి పంపిన గణపతి పేరు చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పండి. కథ బాగుంటుందని, వాడు నవ్వాడని మాత్రం కలపకండి.